పట్టీ తెగకపోయినా ప్రమాదమే!

బాపట్ల జిల్లా కొరిశపాడు దగ్గర హైవే 16 మీద 4.1 కిలోమీటర్ల రన్‌వే ఉంది కదా. 2024 మార్చి 18న అక్కడ ఎయిర్‌ఫోర్స్ ఏఎన్-32 రవాణా విమానం దిగింది. వీడియో మీరూ చూసే ఉంటారు. నాకొక డౌట్ వచ్చింది: అలాంటి విమానాల్లో సామాను కదలకుండా ఎలా కడతారు?

రేపల్లెలో మా మావయ్య ట్రాక్టర్ మీద వరిగడ్డికి మోకు బిగించి, వేలాడినంత పని చేసి లాగి చూసేవాడు. అదే ఆయన టెస్టింగ్. గడ్డి జారితే రోడ్డు మీద పడుతుంది, అంతే. మరి మిలటరీ బండి జారితే?

2013 ఏప్రిల్ 29, అఫ్గానిస్తాన్‌లోని బగ్రామ్. నేషనల్ ఎయిర్‌లైన్స్ వారి బోయింగ్ 747 ఐదు మిలటరీ వాహనాలతో దుబాయ్‌కి బయల్దేరింది. వాటిలో మూడు ఒక్కోటి 18 టన్నులు. టేకాఫ్‌లో వెనక బండి వెనక్కి జారి, హైడ్రాలిక్స్‌నీ, తోకని కంట్రోల్ చేసే యంత్రాంగాన్నీ దెబ్బతీసింది. విమానం కూలిపోయింది. లోపలున్న ఏడుగురూ చనిపోయారు.

పట్టీలు లేవా? ఉన్నాయి, చాలానే. 2015లో దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీ తేల్చింది ఏంటంటే, కట్టే పద్ధతే తప్పు.

ఇక్కడ మన ఇంటర్ ఫిజిక్స్ గుర్తు తెచ్చుకోండి. పట్టీ మీద 2,268 కిలోలు అని రాసుంటే, అది పట్టీ సాగే దిశలో లెక్క. నేలకి 45 డిగ్రీల్లో కడితే వెనక్కి జారకుండా ఆపేది సుమారు 1,600 కిలోలే. 60 డిగ్రీలైతే సగం. పైగా ముందుకి లాగే పట్టీలే వెనక్కి జారే బండిని ఆపుతాయి, మిగతావి లెక్కలోకి రావు.

అందుకే ల్యాబ్‌లో టెస్ట్ ఒక్క గుడ్డకే కాదు. యూరప్ రోడ్డు రవాణా ప్రమాణం ఈఎన్ 12195-2 ప్రకారం, పాలిస్టర్ పట్టీ తెగే బలం లేబుల్ మీది బలానికి 3 రెట్లుండాలి, కొక్కెం, రాట్చెట్‌లకి 2 రెట్లు. లాగినప్పుడు 7 శాతం కంటే ఎక్కువ సాగకూడదు.

కానీ ఫ్రెండ్స్, మెషిన్ పాస్ చేసిన పట్టీని కోణం లెక్కలేకుండా కడితే ఆ సర్టిఫికెట్ ఎవరినీ కాపాడదు. ఈసారి తెనాలి రోడ్డులో లోడు లారీ వెనక వెళ్తుంటే, తాడు ఏ కోణంలో ఉందో చూడండి. కాస్త దూరంగానే ఉండండి. ఉంటా మరి!