పట్టుగూడు ఆగదు

శాంతిపురం, కుప్పం, పుంగనూరు, మదనపల్లె వైపు చిన్న వ్యాపారం ఎందుకు ఎదగదంటే ఠక్కున వచ్చే జవాబులు రెండు: అప్పు పుట్టదు, నీళ్లుండవు. రెండూ అబద్ధం కాదు. అయితే ఈ మెట్టల్లో సాగిన పట్టు వ్యాపారాన్ని చూస్తే, వాటికంటే ముందు తేల్చుకోవలసింది మరొకటుంది: సరుకు చేతిలో పెట్టుకుని ఎవరు ఎన్నాళ్లు ఆగగలరు? పట్టుపురుగు సుమారు 25 రోజులు మల్బరీ ఆకు మేసి, చంద్రికలనే తట్టల మీదికెక్కి గూడు కడుతుంది. గూడు విడిపించాక రైతుకు మిగిలే గడువు కొద్ది రోజులే. లోపలి పురుగు రెక్కలొచ్చి గూటిని చీల్చుకుని బయటపడిందా, ఇక పోగు తీయడానికి అది పనికిరాదు. గూళ్లు కొని పోగు తీసే రీలరు మాత్రం గూళ్లను ఆరబెట్టి నిల్వ చేసుకోగలడు. బేరంలో ఎవరిది పైచేయో అక్కడే తేలిపోతుంది.

రవాణా ఉంటే చాలనుకుంటే, మద్రాసు–బెంగళూరు రైలు 1864లోనే కుప్పం మీదుగా నడిచింది. సరుకు బయటికి పోయే దారి దొరికింది గానీ, ధర అడిగే హక్కు దాంతో రాలేదు. ఆ హక్కుకు రూపమిచ్చింది సరిహద్దు అవతల మైసూరు రాష్ట్రం (నేటి కర్ణాటక) 1959లో చేసిన చట్టం: పట్టుగూళ్ల అమ్మకాన్ని ప్రభుత్వ మార్కెట్లలో బహిరంగ వేలానికి తెచ్చే ఏర్పాటు అది. మన వైపు మార్కెట్లు వచ్చాక కూడా ఇక్కడి రైతులు కర్ణాటకకు గూళ్లు మోసుకుపోవడం అమాయకత్వం కాదు. పాడేవాళ్లు ఎక్కువున్నచోట పాట పెరుగుతుంది. నీళ్ల మాటంటారా, శిడ్లఘట్ట ఉన్న పాత కోలారు జిల్లా మనకంటే తడి నేలేమీ కాదు. అక్కడా బోర్లే. అయినా శిడ్లఘట్ట రీలింగు కేంద్రమైంది. టిప్పు కాలం నుంచి పట్టుకు దొరికిన ప్రభుత్వ ఆసరా దానికి తోడైందన్న మాట నిజమే, కానీ ఆ ఆసరా వానకు సంబంధించింది కాదు కదా.

గట్టి అభ్యంతరం ఇంకొకటుంది. వేలం ఎంత నిక్కచ్చిగా జరిగినా చైనా పట్టు వచ్చి పడితే ధర నిలవదు. 2011 బడ్జెట్లో ముడిపట్టు దిగుమతి సుంకం 30 శాతం నుంచి 5 శాతానికి తగ్గినప్పుడు రైతులు గగ్గోలు పెట్టింది అందుకే. 2013లో దాన్ని 15 శాతం చేశారు. వేలం అన్నిటికీ మందు కాదని ఒప్పుకోవాల్సిందే. కానీ అదే సుంకం తగ్గింపు మదనపల్లె నీరుగట్టువారిపల్లె మగ్గాలకు తిరగబడి కనిపిస్తుంది: గూళ్లమ్మేవాడికి నష్టమైంది దారం కొనేవాడికి లాభం. శాంతిపురం పురుగుల షెడ్డునూ ఆ మగ్గాన్నీ కలిపి చిన్న పరిశ్రమ అని ఒకే పేరుతో లెక్కేస్తే ఏ విధానం ఎవరికి మేలు చేసిందో తేలదు. మగ్గం దగ్గరా అదే ప్రశ్న. దారం తానే కొని, చీర తానే అమ్ముకునే నేతగాడికి చవక దారం కలిసొస్తుంది. మాస్టర్ వీవర్ ఇచ్చిన దారంతో కూలికి నేసేవాడికి ఆ చవక అందాలంటే కూలి పెరగాలి. వారం వారం కూలి మీద బతికేవాడు దానికోసం మగ్గం ఆపి కూర్చోలేడు.