నిజాం నగలు: 173 ఆభరణాలు అందరివీ, కళ్లారా చూసింది కొందరే

నిజాం నగల మాట తీస్తే హైదరాబాద్‌లో ముందుగా వినిపించేది పేపర్‌వెయిట్ కథ. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ తన టేబుల్ మీద కాగితాలు ఎగిరిపోకుండా ఓ పెద్ద వజ్రాన్ని పెట్టుకునేవారని ఇంట్లో పెద్దలు చెబుతుంటారు. ఆ వజ్రం పేరు జాకబ్. బరువు 184.75 క్యారెట్లు. లండన్ టవర్‌లో ఉన్న కోహినూర్ బరువు 105.6 క్యారెట్లే. అంటే మన జాకబ్ దానికంటే చాలా పెద్దది.

ఇప్పుడు ఈ వజ్రం ఎవరిది? భారత ప్రభుత్వానిది. ఎక్కడుంది? రిజర్వ్ బ్యాంక్ వాల్ట్‌లో. సాలార్‌జంగ్ మ్యూజియంలో ఉంటుందని చాలామంది అనుకుంటారు కానీ అక్కడ లేదు. ఆ మ్యూజియంలో ఉన్నవి ప్రధానంగా మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్ సేకరించిన వస్తువులు. ఆయన నిజాం దగ్గర దీవాన్‌గా పనిచేశారు. నిజాం ఖజానా వేరు, సాలార్‌జంగ్ సేకరణ వేరు.

చెప్పులో దొరికిన వజ్రం

జాకబ్ వజ్రాన్ని కొన్నది ఉస్మాన్ అలీ ఖాన్ కాదు, ఆయన తండ్రి, ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్. 1891లో సిమ్లాకు చెందిన అలెగ్జాండర్ మాల్కమ్ జాకబ్ అనే రత్నాల వ్యాపారి ఈ వజ్రం బేరం తెచ్చాడు. బేరం నడిపినవారిలో నిజాం ఆంతరంగిక సేవకుడు ఆల్బర్ట్ ఆబిద్ ఒకడు. ఇప్పుడు మనం ఆబిడ్స్ అని పిలిచే ప్రాంతానికి ఆ పేరు వచ్చింది అతని వల్లే. ధర 46 లక్షల రూపాయలకు కుదిరింది. అందులో సగం, 23 లక్షలు, నిజాం ముందే కట్టారు.

తర్వాత బ్రిటిష్ రెసిడెంట్ అడ్డుపడ్డాడు. అంత సొమ్ము ఒక రాయి మీద పెట్టడం ఏంటన్నది ఆయన అభ్యంతరం. నిజాం వెనక్కి తగ్గారు, అడ్వాన్స్ తిరిగి ఇమ్మన్నారు, జాకబ్ ఇవ్వలేదు. వ్యవహారం కలకత్తా హైకోర్టు దాకా వెళ్లింది. ఒక సంస్థానాధీశుడు ఇలాంటి కేసులో వాంగ్మూలం ఇవ్వాల్సి రావడం ఆ రోజుల్లో పెద్ద సంచలనం. జాకబ్ నిర్దోషిగా బయటపడ్డాడు. చివరికి కోర్టు బయట రాజీ కుదిరి వజ్రం నిజాం చేతికే వచ్చింది. జాకబ్ మాత్రం వ్యాపారంలో చితికిపోయి 1921లో బొంబాయిలో చనిపోయాడు.

ఇంత గొడవ తెచ్చిన వజ్రం మీద మహబూబ్ అలీ పాషాకు మనసు పోలేదంటారు. ఆయన 1911లో చనిపోయాక, పాత చెప్పు ముందు భాగంలో గుడ్డలో చుట్టి ఉన్న వజ్రం కొడుక్కి దొరికిందని, అక్కడి నుంచి అది టేబుల్ ఎక్కిందని చెబుతారు.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. ఈ జాకబ్ గోల్కొండ వజ్రం కాదు, దక్షిణాఫ్రికాది. హైదరాబాద్ పేరుతో ఇంత ప్రసిద్ధి పొందిన రాయి హైదరాబాద్ నేలది కాకపోవడం విచిత్రమే.

ట్రస్టు నుంచి ప్రభుత్వానికి

1948 తర్వాత రాజ్యం పోయింది, కుటుంబం మాత్రం చాలా పెద్దది. ఉస్మాన్ అలీ ఖాన్ 1951, 1952లలో నగల కోసం రెండు ట్రస్టులు పెట్టారు. తాను, తన పెద్ద కొడుకు ఆజం జా ఇద్దరూ చనిపోయాకే నగలు అమ్మాలని షరతు రాశారు. ఆయన 1967 ఫిబ్రవరి 24న, ఆజం జా 1970లో కన్నుమూశారు. ఆ తర్వాత ట్రస్టీలు అమ్మకానికి సిద్ధపడ్డారు. విదేశీ కొనుగోలుదారులూ ఆసక్తి చూపించారు. కానీ 1972లో వచ్చిన పురావస్తువుల చట్టం ప్రకారం ఇలాంటివి దేశం దాటించడం కుదరదు. ప్రభుత్వం కొనడానికి ముందుకొచ్చింది, ధర మీద ఏళ్ల తరబడి పేచీ నడిచింది, కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. చివరికి 1995లో 173 నగలకు ప్రభుత్వం ఇచ్చింది దాదాపు 218 కోట్ల రూపాయలు.

ఇది ఎక్కువా తక్కువా? ఒక లెక్క చూద్దాం. ఒకప్పుడు నిజాం కుటుంబం దగ్గరే ఉన్న ప్రిన్సీ అనే గులాబీ రంగు గోల్కొండ వజ్రం 1960లో లండన్ వేలంలో చేతులు మారింది. బరువు 34.65 క్యారెట్లు. అదే వజ్రం 2013లో న్యూయార్క్ వేలంలో 3.93 కోట్ల డాలర్లు పలికింది. అప్పటి మారకం రేటుతో ఇది 210 కోట్ల రూపాయలు దాటుతుంది. మధ్యలో 18 ఏళ్ల ధరల పెరుగుదల ఉంది, గులాబీ వజ్రాల మార్కెట్ వేరు, నిజమే. అయినా ఒక్క రాయి ధర 173 నగల ధరకు దగ్గరగా వచ్చిందంటే ప్రభుత్వానికి బేరం ఎంత కలిసొచ్చిందో తెలుస్తుంది.

పెట్టెలో ఏమున్నాయి

తలపాగాకు పెట్టే సర్‌పేచ్‌లు, కంఠహారాలు, బాజూబంద్‌లు, గాజులు, పైజేబులు, ఉంగరాలు, నడుము పట్టీలు, గడియారం గొలుసులు, గుండీలు కూడా ఉన్నాయి. చెక్కి బిగించని పచ్చలు 22 ఉన్నాయి. మొత్తం సేకరణలో వజ్రాలు 25,000కు పైనే అంటారు. వీటిలో నిపుణులు ఎక్కువగా చెప్పుకునేది సత్‌లడా, అంటే ఏడు పేటల ముత్యాల హారం. అందులో దాదాపు 465 బస్రా ముత్యాలున్నాయి. బస్రా ముత్యాలంటే గల్ఫ్ సముద్రంలో మునిగి తీసిన సహజ ముత్యాలు. జపాన్ పెంపకం ముత్యాలు మార్కెట్లోకి వచ్చాక, గల్ఫ్‌లో చమురు పడ్డాక ఆ వృత్తే పోయింది. అందుకే చార్మినార్ దగ్గర షాపుల్లో ఈరోజు కొనే ముత్యానికీ, ఆ హారంలోని ముత్యానికీ పోలికే లేదు.

ఇవి హైదరాబాద్‌కు వచ్చింది 2001లో, 2006లో. రెండుసార్లూ సాలార్‌జంగ్ మ్యూజియంలోనే ప్రదర్శించారు. 2019లో ఢిల్లీ నేషనల్ మ్యూజియంలో పెట్టారు. నగలను శాశ్వతంగా హైదరాబాద్‌లో ఉంచాలన్న డిమాండ్ పార్లమెంటులోనూ వినిపించింది. భద్రత మాట వచ్చినప్పుడు 2018 సెప్టెంబర్‌లో పురానీ హవేలీలోని నిజాం మ్యూజియంలో జరిగిన దొంగతనం గుర్తు రాక మానదు. రత్నాలు పొదిగిన బంగారు టిఫిన్ డబ్బా, కప్పు సాసర్ పోయాయి. వారం రోజుల్లోనే పోలీసులు దొంగలను పట్టుకున్నారు. అందులో ఒకడు ఆ డబ్బాలోనే అన్నం తిన్నాడని పోలీసులే చెప్పారు. నిజాం కూడా అందులో తినలేదేమో!

అసలు గోల్కొండ రాళ్లు ఎక్కడ

గోల్కొండలో వజ్రాల గని లేదు. అది బజారు, కోట. గనులు కృష్ణా తీరంలో ఉండేవి. వాటిలో పెద్దది కొల్లూరు, ఇప్పటి పల్నాడు జిల్లాలో. ఫ్రెంచ్ వ్యాపారి టావెర్నియర్ 17వ శతాబ్దంలో అక్కడ 60,000 మంది పనిచేసేవారని రాశాడు. ఇప్పుడు ఆ ఊరు పులిచింతల నీళ్ల కింద ఉంది. కోహినూర్ కూడా అక్కడిదేనంటారు.

టావెర్నియర్ ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీకి అమ్మిన నీలి వజ్రం 1792లో దొంగల పాలైంది. దాన్ని తిరగకోయగా వచ్చినదే హోప్ డైమండ్, 45.52 క్యారెట్లు. 1958లో న్యూయార్క్ వ్యాపారి హ్యారీ విన్‌స్టన్ దాన్ని మామూలు రిజిస్టర్డ్ పోస్టులో వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్‌కు పంపాడు. అక్కడ టికెట్ లేదు. అమెరికాలో ఉన్న మన పిల్లలు ఎప్పుడైనా వెళ్లి చూడొచ్చు. 140.64 క్యారెట్ల రీజెంట్ పారిస్‌లోని లూవ్ర్‌లో ఉంది. లేత గులాబీ రంగు దర్యా-ఎ-నూర్ టెహ్రాన్‌లో ఇరాన్ కేంద్ర బ్యాంక్ ఖజానాలో ఉంది. అదీ బ్యాంక్ ఖజానానే, కానీ జనానికి చూపిస్తారు.

హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు ప్రస్తుతానికి పురానీ హవేలీ మ్యూజియం ఉంది. ఏడో నిజాం సిల్వర్ జూబిలీకి వచ్చిన కానుకలన్నీ అక్కడే ఉన్నాయి.