బండి నంబరు, థ్రెడ్ పేరు: చిట్టాలో గుర్తుల చరిత్ర

పలాస మీదుగా సాగే తూర్పు తీరపు రైలు మార్గం 1893-96 మధ్య విజయవాడ నుంచి కటక్ దాకా నిర్మితం కాగా, దాని నుంచి నౌపడ వద్ద చీలి టెక్కలి మీదుగా పోయే చిన్న రైలు పర్లాకిమిడి గజపతి పూనికతో 1900లో పర్లాకిమిడికి, 1931 నాటికి గుణుపురానికి చేరింది. ఇలాంటి కూడలిలో ఏ బండికి ఎప్పుడు లైన్ క్లియర్, అనగా ముందు స్టేషను ఇచ్చే అనుమతి, దొరికిందో, అది ఏ నిమిషాన వచ్చి వెళ్లిందో స్టేషన్ మాస్టరు రాసే ట్రైన్ రిజిస్టరు, ఏకకాలంలో సాగే పనులను ఒకే చిట్టాకెక్కించే విద్యకు ఈ సీమలో కనిపించే పాత నమూనా. వేళ ఎంత కచ్చితంగా రాసినా అది ఏ బండిదో తెలియకుంటే విచారణలో ఆ పుట కొరగాదు. ఒకప్పుడు జోన్లు వేటికవే నంబర్లు పెట్టుకున్నందున ఒకే అంకె వేర్వేరు బండ్లకు ఉండేది. దేశమంతటికీ 1989లో నాలుగంకెల పద్ధతి, 2010 డిసెంబరు 20 నుంచి ఐదంకెల పద్ధతి వచ్చాయి. అలా 2841 కోరమండల్ 12841 అయింది.

ఏ పంక్తి ఎవరిదన్న ఇదే చిక్కు కంప్యూటరు చిట్టాలోనూ ఉంది. కంప్యూటరు ప్రోగ్రాములో తక్కినవాటితో పాటు స్వతంత్రంగా నడిచే పని వరుసను థ్రెడ్ అని, తప్పులు పట్టేందుకు ప్రోగ్రాము తన నడకను రాసిపెట్టే చిట్టాను డీబగ్ లాగ్ అని అంటారు. ఆపరేటింగ్ వ్యవస్థలకు ఉద్దేశించిన 1995 నాటి పోసిక్స్ ప్రమాణం థ్రెడ్లకు ఏకరూపత తెచ్చినా పేరు పెట్టే ఏర్పాటు చేయలేదు; 1996లో వచ్చిన జావా భాష మాత్రం పేరు లేని థ్రెడ్‌కు వరుస సంఖ్యతో తానే పేరు పెట్టింది. లినక్స్‌లో థ్రెడ్లకు పేరు పెట్టే వసతి కెర్నెల్, అంటే వ్యవస్థ మూలభాగం, 2.6.9తో 2004లోను, గ్లిబ్‌సి అనే మూల గ్రంథాలయంలో 2010లోను వచ్చింది.

ఆడియో ప్రోగ్రాములో ఈ సమస్య మరింత చిక్కబడుతుంది. సెకనుకు 48,000 నమూనాల వేగంతో విడతకు 256 చొప్పున అందించే థ్రెడ్‌కు ఒక్కో విడతకు దొరికే గడువు సుమారు 5.3 మిల్లీసెకన్లు, అది దాటితే చిటపటలు వినిపిస్తాయి గనుక ఆ థ్రెడ్ ఫైలులో స్వయంగా రాయక, సందేశాన్ని వలయ బఫర్‌లో, అంటే చివర చేరాక మొదటికి తిరిగే తాత్కాలిక నిల్వలో, వేసి పోతుంది, తీరిక గల మరో థ్రెడ్ దాన్ని రాస్తుంది. రాసేటప్పుడు ఆ రెండో థ్రెడ్ తన పేరే వేసుకుంటే లాగంతా గుమాస్తా లాంటి దాని పేరుతోనే నిండుతుంది. స్టేషన్ మాస్టరు తన పేరు కాక బండి నంబరు రాసినట్లే, సందేశం పుట్టిన చోటే దానికి థ్రెడ్ గుర్తును జతచేయాలి.

ఆ గుర్తు తెలుగులో ఉంటే మరో ఇబ్బంది ఉంది. లినక్స్ పేరుకిచ్చే చోటు, ముగింపు సున్నాతో కలిపి, 16 బైట్లే. యూటీఎఫ్-8 పద్ధతిలో ప్రతి తెలుగు వర్ణచిహ్నానికీ, గుణింతపు గుర్తుకూ, పొల్లుకూ మూడేసి బైట్లు పడతాయి. ‘పలాస’ 12 బైట్లలో ఇముడుతుంది. ‘టెక్కలి’కి 21 కావాలి. గ్లిబ్‌సి దాన్ని తిరస్కరిస్తుంది, కెర్నెల్‌ను నేరుగా అడిగితే మాత్రం మారు మాట లేకుండా ‘టెక్క’గా కత్తిరిస్తుంది. తిరస్కారమే మేలు, కత్తిరించిన పేరు లాగులో అసలు పేరులాగే చలామణీ అవుతుంది.