అతుకు కనబడని గోడ

రాత్రి తొమ్మిది దాటింది. బాలానగర్‌లో లేతు మిషన్ల మోత ఆగిపోయింది గానీ ఈ ప్రింటింగ్ షెడ్డులో ఏసీ నడుస్తూనే ఉంది. షట్టరు సగం దించి ఉంది, వంగి లోపలికి రండి. చెప్పులు బయటే. ఇక్కడ అందరికీ దుమ్మంటే భయం. ఇంకు పడే చోట ఒక్క నలుసున్నా అక్కడ తెల్లమచ్చ తేలుతుంది.

ముందు ఆ వాల్‌పేపర్ రోలు ఎత్తి చూడండి. వెడల్పు 54 అంగుళాలు, పొడవు 50 గజాలు. గజానికి 20 ఔన్సుల చొప్పున లెక్కేస్తే 28 కిలోల పైమాటే. బరువు మోయొచ్చు, కానీ నాలుగున్నర అడుగుల రోలుని ఒక్కరే ఎత్తితే ఏదో ఒక కొస నేలకి తగులుతుంది. అంచు అక్కడ నలిగిందా, ఆ నలుగు ఎన్నో చుట్ల లోపలి దాకా పోతుంది. అందుకే కుర్రాడు పరుగెత్తుకొచ్చి రెండో కొస పట్టుకుంటాడు. "జర పైకన్నా, పైకి!"

అమెరికాలో హోటళ్ల వరండాలకీ ఆసుపత్రులకీ వాడే ఈ బరువు సరుకుని టైప్ 2 అంటారు. దానికన్నా తేలికైనది టైప్ 1. వెనక వైపు గోటితో గీకి చూడండి, గుడ్డ తగులుతుంది. ముందు వినైల్, వెనక నేత. స్ట్రెచర్ మూల గుద్దినా సులువుగా చిరగకుండా నిలబడేది ఆ నేత ఉండబట్టే. మిషన్‌ని ఏడిపించేదీ అదే. ఆటోమేటిక్ కట్టర్ దాన్ని సరిగ్గా కొయ్యలేదు, పోగులు లేపి వదిలేస్తుంది. ఆ పోగు ఇంకు చిమ్మే హెడ్‌కి తగిలితే హెడ్ పోయినట్టే. ఆపరేటరు మొదట కట్టర్ ఆపేశాడు, తర్వాత హెడ్ ఎత్తు ఒక మెట్టు పెంచాడు. ఎత్తు పెరిగితే చుక్క ఎక్కువ దూరం ప్రయాణించాలి, సన్న గీతలు కాస్త చెదురుతాయి. ఈ బొమ్మలో సన్న అక్షరాలు లేవు, నయం.

బొమ్మ కొల్లేరు. పిల్లల వార్డు గోడకి. తెల్లవారుజాము ఆకాశం, కింద నీళ్లలో గూడబాతులు. గోడ పొడవు 26 అడుగులు, ఎత్తు 9. ఆరు పానెళ్లు, పక్కపక్క పానెళ్లు ఒక అంగుళం ఒకదాని మీదికి ఒకటి వచ్చేలా. పక్షులు గీసిన డిజైనర్‌కి పక్షులంటేనే ప్రేమ, ఆపరేటరు కళ్లు మాత్రం ఆకాశం మీదే. నారింజ నుంచి లేత నీలానికి మెల్లగా కరిగే ఆ రంగులోనే ప్రతి లోపమూ బయటపడుతుంది. ఈకల గజిబిజిలో ఎన్ని తప్పులైనా దాక్కుంటాయి, ఖాళీ ఆకాశంలో ఒక్కటీ దాగదు.

నాజిల్ చెక్ వచ్చింది. ఎక్కడా గీత తెగలేదు. ఇక హీటర్. కొంచెం దగ్గరికి రండి, మొహానికి వెచ్చగా తగులుతుంది. ఫ్లెక్స్ షాపుల్లో ముక్కుని పట్టేసే సాల్వెంట్ వాసన ఇక్కడ లేదు. ఈ ఇంకులో ఎక్కువ భాగం నీళ్లే. అందులో రంగు రేణువులూ, వాటితోపాటు సన్నటి ప్లాస్టిక్ రేణువులూ తేలుతుంటాయి. వేడికి నీరు ఆవిరైపోతుంది, ప్లాస్టిక్ రేణువులు కరిగి ఒకదానికొకటి అంటుకుని రంగు మీద పొరలా బిగుసుకుంటాయి. హెచ్‌పీ ఈ పద్ధతిని లేటెక్స్ ఇంకు పేరుతో 2008లో మార్కెట్లోకి తెచ్చింది. ఆ పేరు విని, రబ్బరు గ్లవ్స్ పడనివాళ్లకి ఇబ్బందా అని ఆసుపత్రి ఇంజనీరు అడిగాడట. ఇందులో రబ్బరు చెట్టు పాలేమీ లేవు, ఆ భయం అక్కర్లేదు.

పలచటి స్టిక్కరు చిటికెలో వేడెక్కుతుంది. ఈ మందం అలా కాదు. మొదటి అడుగు దాకా ఇంకా చల్లగానే ఉంటుంది, తర్వాత వేడెక్కి కొద్దిగా సాగుతుంది. అందుకే బొమ్మకి ముందు రెండడుగులు ఊరికే రంగుపట్టీలు కొడుతున్నారు. ఆ వృథా చూసి యజమాని నిట్టూరుస్తాడు. నిట్టూర్చనివ్వండి.

మొదటి పానెల్ దిగింది. ఆపరేటరు ఇంకు మీద బొటనవేలు గట్టిగా రుద్దాడు. జిడ్డుగా తగిలితే వేడి చాల్లేదని అర్థం. పొడిగానే ఉంది. టేపు పట్టాడు. పైనా కిందా కోతకి వదిలింది కలుపుకుని 112 అంగుళాలు రావాలి. ఒక నూలు తక్కువ వచ్చింది. మీకు కంగారేమో గానీ అతనికి లేదు. "ఆరూ గింతే తక్కువొస్తే ఏం గాదు సార్. ఒక్కటి తేడా వస్తేనే పక్షి రెక్క ఇరుగుతది."

ఈ పని మర్మమంతా ఆ మాటలో ఉంది. రంగు కాస్త అటూ ఇటూ అయినా గోడ మొత్తం అలాగే ఉంటే ఎవరికీ తెలియదు. మూడో పానెల్ దగ్గర రోలు మార్చినా, మధ్యలో హెడ్ మార్చినా, భోజనానికని ఆపి మళ్లీ మొదలెట్టినా, ఆ తేడా అతుకు దగ్గర నిలువు గీతలా లేచి కూర్చుంటుంది. అందుకే అదే రోలు, అదే ప్రొఫైలు, అదే వేగం, పానెళ్లు వరస తప్పకుండా. జనరేటర్‌లో డీజిల్ సాయంత్రమే చూసుకున్నారు.

రెండో పానెల్ వైపు చూడండి. గూడబాతులు తలకిందులుగా దిగుతున్నాయి! తప్పు కాదు. మిషన్ ఎడమ అంచుకీ కుడి అంచుకీ రంగులో వెంట్రుకవాసి తేడా ఉంటుంది. పానెల్ విడిచి పానెల్‌ని తిప్పి కొడితే గోడ మీద ఎడమ అంచు పక్కన ఎడమ అంచే వస్తుంది, కంటికి తేడా తెలియదు.

అర్ధరాత్రి దాటాక ఆరోది దిగింది. ఇంకో పరీక్ష మిగిలింది. తెల్ల దూది శానిటైజర్‌లో ముంచి, ముదురు నీలం ఉన్న తునక మీద రుద్దారు. దూదికి నీలం అంటింది. గాలికీ నీళ్లకీ ఓర్చే ఈ ఇంకు ఆల్కహాల్‌కి మెత్తబడుతుంది. రోజూ స్పిరిట్‌తో తుడిచే వార్డు కాబట్టి పైన పారదర్శకమైన కోటింగ్ పడాల్సిందే. ఇది ముందే కొటేషన్‌లో రాసుకోవాలి. చాలామంది రాయరు.

ఆసుపత్రిలో పని చకచకా అయిపోతుంది. జిగురు, బ్రష్, స్క్రేపర్. ఒకదాని మీదికి ఒకటి వచ్చిన ఆ అంగుళం మీద ఉక్కు స్కేలు పెట్టి, కొత్త బ్లేడుతో రెండు పొరలూ ఒకేసారి కోసి, రెండు పీలికలూ లాగేసి అతుకుని నొక్కుతారు. కింద పుట్టీ తెగకుండా సన్న పట్టీ పెట్టడం మరవకూడదు. చెయ్యి తొందరపడితే ఇక్కడే, రాత్రి పడ్డ శ్రమంతా ఒక్క కోతలో పోతుంది.

ఈ పని ఒప్పుకునే షాపులవాళ్లకి ఒక్క మాట. చదరపు అడుగు రేటు అడగ్గానే ఫ్లెక్స్ లెక్కలో చెప్పేయకండి. రంగుపట్టీల వృథా, పైకోటింగు, ఒకటో రెండో పానెళ్లు మళ్లీ కొట్టాల్సి వస్తే పట్టే సరుకు, అన్నీ కలిపి చెప్పండి. మిగిలిన రోలు మీద జాబ్ నంబరు రాసి గోడవారగా నిలబెట్టకండి, పడుకోబెట్టి దాచండి. ఏడాది తర్వాత ఏ స్ట్రెచరో ఒక పానెల్‌ని చీల్చితే, మీకు పనికొచ్చేది ఆ రోలే.