తానికాయల లెక్క

నలుడు జూదంలో రాజ్యం పోగొట్టుకున్నాడనగానే మన కళ్లముందు నాటకాల్లో చూసిన పాచికలు మెదులుతాయి. కాని వేదకాలంలో జూదమాడింది తానికాయలతో. త్రిఫల చూర్ణంలో ఉసిరిక, కరక్కాయలతో కలిపే ఆ తానికాయే సంస్కృతంలో విభీతకం. ఋగ్వేదం పదవ మండలంలోని 34వ సూక్తం ఈ కాయల మోజులో ఇల్లు గుల్ల చేసుకున్న జూదరి మొర.

ఆట తీరు గురించి పండితుల్లో భేదాభిప్రాయాలున్నాయి. ప్రచారంలో ఉన్న వివరణ ఇది: కుప్పలోంచి కొన్ని కాయలు తీసి నాలుగేసి చొప్పున లెక్కపెట్టాలి. ఏమీ మిగలకపోతే కృతం, మూడు మిగిలితే త్రేత, రెండయితే ద్వాపరం, ఒకటయితే కలి. కృతం గెలుపు, కలి ఓటమి. చూడకుండా గుప్పిట నింపితే కృతం పడే అవకాశం ఇంచుమించు నాలుగింట ఒకటి. చూపుతోనే రాశిని లెక్కకట్టగలవాడికి మాత్రం అది అదృష్టం కాదు, విద్య.

యుగాల పేర్లూ ఇవే. పురాణాల ప్రకారం కలియుగం 4,32,000 సంవత్సరాలు. ద్వాపరం దానికి రెట్టింపు 8,64,000. త్రేత మూడింతలు 12,96,000. కృతం నాలుగింతలు 17,28,000. ధర్మదేవత పాదాలూ నాలుగు, మూడు, రెండు, ఒకటి. అన్ని అనర్థాలకూ మనం తిట్టిపోసే కలి, జూదపు లెక్కలో చివర మిగిలిపోయిన ఒక్క కాయ అన్నమాట!

భారత కథ ఈ సంగతి మరచిపోలేదు. నలుణ్ని ఆవహించింది కలి, పాచికల్లో దూరింది ద్వాపరుడు. రెండూ చిన్న పందేల పేర్లే. రాజ్యం పోయిన నలుడు బాహుకుడై, అయోధ్య రాజు ఋతుపర్ణుడికి సారథిగా విదర్భకు రథం తోలుతున్నాడు. దారిలో కనబడ్డ చెట్టు కూడా తానిచెట్టే. దాని రెండు కొమ్మల్లో అయిదు కోట్ల ఆకులు, 2,095 కాయలు ఉన్నాయన్నాడు ఋతుపర్ణుడు. నలుడు నమ్మలేదు. రథం ఆపి లెక్కపెట్టి చూశాడు, సరిపోయింది. సంభావ్యతా శాస్త్ర చరిత్ర రాసిన ఇయాన్ హాకింగ్ 1975లో వెలువడిన తన గ్రంథంలో ఈ ఘట్టాన్ని ప్రస్తావించాడు.

అశ్వహృదయానికి బదులుగా నలుడు అక్షహృదయం నేర్చుకోగానే కలి అతని ఒంట్లోంచి బయటపడి ఆ తానిచెట్టునే ఆశ్రయించాడు. తర్వాత నలుడు ఒక్క పందెంలో పుష్కరుణ్ని ఓడించాడు.

ఈ కథ చెప్పిన బృహదశ్వ మహర్షి, అరణ్యంలో దుఃఖిస్తున్న ధర్మరాజును ఊరడించి ఊరుకోలేదు, ఆ అక్షహృదయాన్ని కూడా ఉపదేశించాడు. కలి పీడకు శాంతిహోమం చెప్పలేదు, లెక్క నేర్పాడు. గ్రహచారమని చేతులు ముడుచుకునేవారు ఈ ఘట్టాన్ని మరోసారి చదవాలి.