పాలపళ్లేగా అని వదిలేస్తున్నారా? అంగన్‌వాడీలో ఇలా అడగండి

‘ఎలాగూ ఊడిపోయే పళ్లే కదా!’ పిల్లల పంటిపై నల్ల మచ్చ కనిపిస్తే ఇళ్లలో వినిపించే మాట ఇది. ముందు పళ్లు ఆరేడేళ్లకు ఊడతాయి, నిజమే. దవడ పళ్లు మాత్రం 10-12 ఏళ్ల దాకా ఉండాలి. అవి పుచ్చితే బిడ్డ సరిగా తినలేదు, రాత్రి నిద్రపోలేదు. ముందే పీకేయాల్సి వస్తే తర్వాత వచ్చే పళ్లు వంకర తిరగొచ్చు.

బిడ్డ పైపెదవి ఎత్తి వెలుతురులో చూడండి. చిగురు అంచున సుద్దలాంటి తెల్ల గీత ఉంటే పుచ్చు మొదలవుతున్నట్టే అనుకోవాలి. ఈ దశలో నొప్పి ఉండదు కాబట్టి ఎవరూ పట్టించుకోరు. కానీ ఫ్లోరైడ్‌తో ఆపగలిగేది ఇప్పుడే. గుంట పడ్డాక పన్ను తిరిగి పూడదు.

ఎంత తీపి తిన్నారన్న దానికన్నా రోజుకు ఎన్నిసార్లు తిన్నారన్నదే ముఖ్యం. నోట్లోని బ్యాక్టీరియా చక్కెరను ఆమ్లంగా మారుస్తుంది. దాని ప్రభావం తగ్గించేది లాలాజలం. నిద్రలో అది తక్కువగా ఊరుతుంది. అందుకే పాలసీసా నోట్లో పెట్టి పడుకోబెట్టడం అన్నిటికన్నా చేటు. టీలో ముంచిన బిస్కెట్, పడుకునే ముందు తీపి సిరప్ కూడా అంతే. అన్నట్టు, అనకాపల్లి బెల్లం ఎంత పేరున్నదైనా పళ్లకు పంచదారతో సమానమే. బిడ్డను చూసుకునే పెద్దల నోట్లో పిప్పిపళ్లున్నా ముప్పు పెరుగుతుంది. ఒకే చెంచాతో తిని తినిపిస్తే ఆ బ్యాక్టీరియా బిడ్డకు చేరుతుంది.

మీరు విశాఖలో ఉద్యోగం చేస్తూ, బిడ్డను నక్కపల్లి మండలం రాజయ్యపేటలో అమ్మమ్మ దగ్గర ఉంచారనుకుందాం. అక్కడ మొదట వెళ్లాల్సింది అంగన్‌వాడీకే. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద సంచార వైద్య బృందం ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీ పిల్లలను పరీక్షించాలి. ఆ పరీక్షల్లో దంతాలూ ఉన్నాయి. బృందంలో ఉండేది ఆయుష్ వైద్యులు, దంత వైద్యులు కారు. పుట్టుకతో వచ్చే లోపాల నుంచి రక్తహీనత దాకా అన్నీ వాళ్లే చూడాలి కాబట్టి, ‘పళ్లు కూడా చూడండి’ అని అడగడం మీ పని. బృందం వచ్చే తేదీ అంగన్‌వాడీ కార్యకర్తనో, ఏఎన్‌ఎంనో ముందే కనుక్కోండి. సమస్య ఉంటే రిఫరల్ చీటీ రాయించుకోండి. దానిపై పైఆసుపత్రిలో ఉచితంగా చూస్తారు. బయల్దేరే ముందు అక్కడ దంత వైద్యులు ఉండే రోజు తెలుసుకుంటే ఛార్జీలు, ఒక పూట కూలీ మిగులుతాయి.

బుగ్గ వాచినా, జ్వరం వచ్చినా బృందం కోసం ఆగకండి. అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఇంట్లో మొదటి పన్ను రాగానే రోజుకు రెండుసార్లు తోమాలి. ఫ్లోరైడ్ పేస్ట్ మూడేళ్లలోపు వారికి బియ్యపు గింజంత, ఆపై ఆరేళ్ల వరకు బఠాణీ గింజంత చాలు. బ్రష్ బిడ్డ చేతికిచ్చి వదిలేయొద్దు, ఏడెనిమిదేళ్లు వచ్చేదాకా పెద్దలే తోమించాలి. రాత్రి తోమాక మంచినీళ్లు తప్ప ఇంకేమీ ఇవ్వొద్దని అమ్మమ్మకు ఈరోజే ఫోన్ చేసి చెప్పండి.