మరమగ్గముల నగరము నుండి మేడారము జాతరకు

పదునేడవ శతాబ్ది ఆరంభమున ఇంగ్లీషు వర్తకులు భారతదేశమునకు వచ్చినప్పుడు తూర్పున మచిలీపట్టణమును, పడమట సూరతును ఆశ్రయించిరి. 1611లో మచిలీపట్టణమునందును, 1613 నాటికి సూరతునందును వారి కోఠీలు వెలసెను. రెండుచోట్లను వారిని ఆకర్షించిన సరకు నేతబట్టయే. తూర్పుదీవులలో సుగంధద్రవ్యములు కొనుటకు ఈ బట్టయే వారికి అక్కరకు వచ్చెడిది. వేర్వేరు తీరములకు చెందిన ఆ రెండు నేతసంప్రదాయములు, మూడు శతాబ్దులు దాటిన పిమ్మట, ఒకే నగరమున కలిసికొనెను.

సూరతు పాతనగరమున ‘పురా’ అను పేరుగల పేటలు అనేకములు కలవు. నేతపనికి చిరకాలముగా పేరొందిన సలాబత్‌పురా వానిలో నొకటి. ఇరువదవ శతాబ్దియందు కరీంనగరు, వరంగల్లు, నల్లగొండ ప్రాంతముల పద్మశాలీలు బ్రతుకుతెరువు వెదకుకొనుచు షోలాపురమునకు, భీవండికి, సూరతునకు తరలిపోయిరి. సూరతున వారి సంఖ్య ఎంతగా పెరిగెననగా, అచ్చటి నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమమున ప్రాథమిక పాఠశాలలు నడపవలసి వచ్చెను.

వారు ఊరు విడుచుటకు గల కారణము గ్రహింపవలెనన్న, పల్లె సంతను, జాతరను తలచుకొనవలెను. జాతర యనగా దేవతాదర్శన మొక్కటియే కాదు. అది బంధువులు కలిసికొను తావు, పెండ్లిమాటలు కుదురు చోటు, అన్నిటికి మించి ఏటికొకమారు వచ్చెడి పెద్ద అంగడి. అమ్మవారికి చీర, ఆడపడుచునకు రవికెగుడ్డ, ఇంటి యజమానికి పంచె - అన్నియు చేతిమగ్గము మీదినుండియే రావలసి యుండెను. కనుక నేతగాడు జాతరకు భక్తుడుగాను పోయెడివాడు, మూటతో వర్తకుడుగాను పోయెడివాడు. మిల్లుబట్ట వచ్చి ఆ మూటను తేలికచేసెను. నూలుధర పెరిగెను. తరువాత మరమగ్గము వచ్చెను. కొన్ని రకముల బట్టలను చేతిమగ్గములకే ప్రత్యేకించుచు 1985లో పార్లమెంటు చట్టము చేసినను, మరమగ్గపు వేగమును, కృత్రిమపు నూలు చవకదనమును అది నిలువరింపజాలలేదు.

ఇందులో విధివైపరీత్య మొకటి కలదు. సూరతు చీర రైలెక్కి తెలుగు పల్లెల సంతలకు చేరెను. తండ్రి నేసిన నూలుచీర అమ్ముడుపోయిన చోటనే, కుమారుడు మరమగ్గముపై నేసిన చీర అంగడికెక్కెను. తన ఊరి మగ్గమును మూలపడవేసిన సరకునే నేసి అతడు పొట్టపోసికొనవలసి వచ్చెను. ఇది అతని తప్పు కాదు. కాని ఈ సంగతి అతనికి తెలియనిదియు కాదు.

తెలంగాణమున జాతరలన్నిటిలో మిన్న మేడారము. వరంగల్లునకు సుమారు 100 కిలోమీటర్ల దూరమున, 2019లో ఏర్పడిన ములుగు జిల్లాలోని అడవి నడుమ, రెండేండ్లకొకమారు మాఘ పౌర్ణమినాటికి అది జరుగును. కాకతీయ ప్రతాపరుద్రుని కాలమున, కరవు మూలమున కప్పము చెల్లింపజాలని కోయలపై సేనలు దండెత్తెననియు, సమ్మక్క, ఆమె కుమార్తె సారలమ్మ వారి నెదిరించి పోరిరనియు, సమ్మక్క చిలకలగుట్ట వైపు పోయి కనుమరుగయ్యెననియు, అచ్చట కుంకుమభరిణ మాత్రమే దొరికెననియు కోయల కథనము. ఆమె కుమారుడు జంపన్న పడిన వాగు నేటికిని జంపన్నవాగే. ఆ తల్లులకు విగ్రహములు లేవు. బుధవారమున కన్నెపల్లి నుండి సారలమ్మను, గురువారమున చిలకలగుట్ట నుండి సమ్మక్కను కోయపూజారులే గద్దెలకు కొనివత్తురు. సమ్మక్క రాకకు పోలీసు అధికారి గాలిలోనికి తుపాకి పేల్చి వందన మర్పించును. నాడు రాజ్యమున కెదురునిలిచిన స్త్రీకి నేడు రాజ్యమే వందనము చేయుట గమనింపదగినది. భక్తులు నిలువెత్తు బెల్లమును తూచి ‘బంగారము’ అని సమర్పింతురు. శనివారమున తల్లులు మరల వనప్రవేశము చేయుదురు. 2024లో ఈ జాతర ఫిబ్రవరి 21 నుండి 24 వరకు జరిగెను.

అహమ్మదాబాదు నుండి చెన్నపట్టణమునకు పోవు నవజీవన్ ఎక్స్‌ప్రెస్ సూరతునందు ఆగును, వరంగల్లునందును ఆగును. దూరదేశమున స్థిరపడినవానికి జాతర ప్రయాణము చవకైనది కాదు. మగ్గము ఆగిన దినమునకు కూలి లేదు. రానుపోను ఖర్చు వేరు. అయినను జాతరకు పోవువాడు మ్రొక్కు చెల్లించుటకు మాత్రమే పోడు. తన యింటిపేరు చెప్పగానే తాతను గుర్తుపట్టెడి వారొకరైనను అచ్చట కలరన్న భరోసా అతనిని నడిపించును. సూరతున పుట్టిన పిల్లలకు తెలుగు బడి అక్షరములు నేర్పగలదు. ఆ గుర్తింపును మాత్రము జాతరయే ఇయ్యగలదు. నాలుగు దినములకై వచ్చి అడవికి మరలెడి తల్లులవలెనే, వారును నాలుగు దినము లుండి మరమగ్గముల చెంతకు మరలుదురు. ఆ నాలుగు దినముల రాకపోకలు సాగినంతకాలము వారికి పుట్టిన ఊరు దూరమైనను పరాయిది కాదు.